తప్పుకున్నారా?

కరిగిన ఇనుము మీద పడితే మనిషి అరుపు ఎక్కువసేపు ఉండదు. నేను విన్నాను. ఆ అరుపు నా తమ్ముడిది. వాడి పక్కనున్న పొట్టోడికి ఆ వ్యవధి కూడా దొరకలేదు.

మా ఫౌండ్రీలో ఒక పద్ధతి ఉంది. కొలిమి మూతికి మట్టి బిరడా ఉంటుంది. దాన్ని గునపంతో పొడిస్తే కరిగిన ఇనుము కింద అచ్చుల గుంటలోకి దూకుతుంది. అందుకే పొడిచే ముందు మేస్త్రి గుంటలోకి కేక వేస్తాడు: "తప్పుకున్నారా?" కింద అచ్చులు సర్దేవాళ్లు ఒక్కొక్కరే "తప్పుకున్నా" అనాలి. పొగలో మనిషి కనపడడు. గొంతే గుర్తు. ఒక్క గొంతు తగ్గినా గునపం లేవదు.

ఆ రోజు పొగకి ఊపిరాడకో ఏమో, రెండు గొంతులు తగ్గాయి. మేస్త్రి గునపం నేలకి ఆనించాడు.

"ఏం నిలబడ్డావ్? పొడువు!" సూపర్‌వైజర్ ఎగిరిపడ్డాడు.

"ఇద్దరు పలకలేదు."

"పలకలేదంటే తప్పుకున్నట్టే. ఇనుము గడ్డకడితే మీ అబ్బ కరిగిస్తాడా?"

వెనక నిలబడ్డ యజమాని "కానీయ్" అన్నాడు. సూపర్‌వైజర్ మేస్త్రిని తోసేసి తానే పొడిచాడు.

శవాలని గేటు ముందు పెట్టుకుని కూర్చుంటే గానీ యజమాని మీదా సూపర్‌వైజర్ మీదా కేసు పెట్టలేదు. విచారణ దగ్గర పడ్డాక యజమాని వకీలు మా వాడకొచ్చాడు. నష్టపరిహారం ఇస్తారట. రెండు కుటుంబాలూ జడ్జి ముందు "సమ్మతం" అంటే చాలట. కేసు కొట్టేస్తారట. చట్టమే ఒప్పుకుంటుందట.

అతను వెళ్లాక అందరం పొట్టోడి ఇంటి ముందు చేరాం.

"నా మోకాళ్లు లేవవు. కొడుకు లేడు. ఆయన జైలుకెళ్తే నా పొయ్యి వెలుగుతుందా?" అంది పొట్టోడి తల్లి.

నా తమ్ముడి పెళ్లాం లేచింది. "డబ్బు వద్దనటం లేదత్తా. అది మనకి రావాల్సిందే, ముక్కు పిండి తీసుకుందాం. కానీ డబ్బు పారేసి జైలు తప్పించుకున్నాడనుకో, రేపు ఇంకో నలుగుర్ని కాల్చి ఇంకో మూట తెస్తాడు. టికెట్టు కొనుక్కుని చంపినట్టు!"

"సినిమాకైతే హాలు నిండితే టికెట్లు ఆపుతారు. మనకి అదీ లేదు" అన్నాడు మేస్త్రి.

"బావగారూ, మీరైనా చెప్పండి" అంది మరదలు.

ఏం చెప్పను? ఆకలి ఆ ముసలమ్మది. "ఆమె ఇష్టం" అన్నాను.

మరదలు ఒప్పుకోదన్న మాట ఎలా తెలిసిందో, మర్నాడు పట్టపగలు యజమాని మనుషులు దిగారు. మేస్త్రి ముందుపళ్లు రాలగొట్టారు. నన్ను గోడకేసి కొట్టారు. ఇనుప గొట్టంతో మరదలి చెయ్యి విరిచారు. ఆమె కిందపడి కూడా ఒకడి పిక్క కండ ఊడేలా కొరికింది. రక్తం ఉమ్మేసి అంది, "చెయ్యి విరిచావు సరే, ఈ నోట సమ్మతం ఎలా అనిపిస్తావురా?"

కోర్టులో జడ్జి మొదట పొట్టోడి తల్లినే అడిగాడు. "పరిహారం తీసుకుని కేసు వదులుకోవడం మీకు సమ్మతమేనా?"

ఒప్పుకోవాలనే వచ్చింది ఆమె. నోరు తెరిచింది. ఇంతలో మరదలి కట్టు కట్టిన చెయ్యి కనపడింది. మాట రాలేదు. జడ్జి మళ్లీ అడిగాడు. పలకలేదు.

బోనులోంచి సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. "పలకలేదంటే ఒప్పుకున్నట్టే! రాసుకోండి సార్."

వకీలు వాడి మోచెయ్యి పట్టి గుంజాడు. అప్పటికే ఆలస్యమైంది. మోకాళ్లు లేవవన్న మనిషి నిటారుగా నిలబడింది.

"ఆ రోజూ ఈ మాటే అన్నావు కదరా! నా కొడుకు పలకలేకపోయాడు. నేను పలుకుతున్నా, విను. సమ్మతం కాదు!"

"నాకూ కాదు!" మరదలు అరిచింది.

హాలంతా లేచింది. పోలీసులు తలుపులు తోసుకుని వచ్చారు. లాఠీలు తలల మీదే పడ్డాయి. బెంచీల మీద రక్తం చిమ్మింది. మేస్త్రినీ మరదల్నీ జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యాన్‌లో కుక్కారు. యజమాని మీద కేసు నడుస్తుంది. వీళ్ల మీదా ఒకటి పెట్టారు, కోర్టులో గొడవ చేశారని.

బయట ఫౌండ్రీ మొత్తం ఉంది. కాలేజీ పిల్లలూ వచ్చారు. ముసలమ్మ వెళ్లి వ్యాన్ ముందు చక్రం దగ్గర కూర్చుంది. ఆమె వెనక మేమంతా.

"తప్పుకోండి! ఎక్కించేస్తాం!" ఇన్‌స్పెక్టర్ లాఠీ ఊపాడు. ఇంజన్ గుర్రుమంది.

వ్యాన్ కమ్మీల్లోంచి, పళ్లు లేని నోటితో, మేస్త్రి పాత కేక వేశాడు.

"తప్పుకున్నారా?"

"తప్పుకోం!"

నేనూ అన్నాను. ఒక్క గొంతూ తగ్గలేదు.