గేదెకు లిఫ్టు ఇవ్వరు

మా ములకలపల్లి పక్క పల్లె నుంచి భద్రాచలం దాకా నేను ఒక్క రోజులో నడిచిపోయాను. తెల్లవారుజామున బయల్దేరి, పొద్దుగూకకముందే గోదావరిలో మునిగి లేచాను. చెప్పుల అడుగు వెంట్రుకవాసి కూడా అరగలేదు. ఈ సంగతి మా చుట్టుపక్కల అందరికీ తెలుసు, నలభై ఏళ్లుగా నేనే చెబుతున్నాను కాబట్టి.

అందుకే అహ్మద్ పాషాకు నడక అవసరం పడగానే నేరుగా మా అరుగు మీదికి వచ్చాడు. పాషా మా ఊరి దర్జీ, ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించమని దారిన పోయేవాళ్లను పిలుస్తున్నాడు. మొన్న నా లాల్చీకి జేబు లోపలివైపు కుట్టిచ్చాడు. ఆపరేషన్ చేయమంటే కంటి డాక్టరు ముందు షుగర్ దిగాలన్నాడట. మందులు వేసుకుంటూ రోజూ నలభై నిమిషాలు నడిచి, రెండు నెలల తర్వాత రమ్మన్నాడట.

"కండ్లు రాకుంటే మిషన్ అమ్ముకునుడే పున్నయ్యా," అన్నాడు పాషా. "ఊకె కూసోని తినుడు నాతోని కాదు. భద్రాచలం నడిచినోనివి, ఎట్ల నడవాల్నో చెప్పు."

"ముందు కుడికాలు ఎయ్యి, ఎనక ఎడమకాలు. నడుమ మర్చిపోతే మళ్ల నా కాడికి రా."

నన్ను నాలుగు తిట్టి, మర్నాడు పొద్దున్నే రోడ్డెక్కాడు.

మా వైపు ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి రోడ్డున నడిచిపోతుంటే బండి ఆపకుండా పోకూడదు. ఆపిన బండి ఎక్కకపోతే వాళ్ల మొహాన కొట్టినట్టే. పాషా రెండు వందల గజాలు పోయాడో లేదో మా ఊరి కుర్రాడు సతీష్ బైక్ ఆపాడు.

"ఎటు చాచా?"

"ఎటు లేదు బిడ్డా. వాకింగ్."

"గంత దూరం ఏం నడుస్తవ్? ఎక్కు, వాకింగ్ కాడ దింపుత."

ఎక్కాడు. దిగిన చోట సతీష్ ఛాయ్ తాగించాడు, రెండు చెంచాల చక్కెరతో. తిరిగి వస్తుంటే మా ఆశా కార్యకర్త మంగ్లి స్కూటీ ఆపింది. ఇంటింటికీ తిరిగి నడవండి, నడవండి అని చెప్పే మనిషి. "నడుస్తున్నవా చాచా? శానా మంచిది. ఎక్కు, నేను గూడ ఊర్లకే," అంది.

నెల రోజులు ఇదే వరస. పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది. పాషా భార్య సర్వరీ బేగం ఆ కాగితం పట్టుకుని, పాషాను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అన్నా, ఈయన వాకింగ్‌కు పోయి మూడు ఛాయ్‌లు తాగొస్తుండు. ఇంట్ల ఉన్నప్పుడే నయముండె!"

"నన్ను ఎవరు నడవనిస్తుండ్రు?" అన్నాడు పాషా. "ఇంకొక్క నెల ఉంది. సత్తెం చెప్పు పున్నయ్యా, భద్రాచలం తొవ్వల నీకు ఒక్కడు గూడ బండి ఆపలేదా?"

వాడి కళ్లు చూస్తే అబద్ధం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఆపిండు. జామాయిల్ కట్టెల లారీ. ఊరు దాటంగనే ఎక్కిన. గోదావరి బ్రిడ్జి కాడ దిగి వంద అడుగులు నడిచిన. గా మాత్రానికి చెప్పులెందుకు అరుగుతయ్?"

"నలభై ఏండ్లు నమ్మితి గదరా!" అని పాషా తల పట్టుకున్నాడు. సర్వరీ బేగం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడే నాకొకటి గుర్తొచ్చింది. ఆ లారీవాడు నా కోసం ఆగాడు గానీ, నా ముందు ఎడ్లను తోలుకుపోతున్న బొజ్జయ్య కోసం ఆగలేదు. పశువును పట్టుకున్న మనిషికి ఎవరూ లిఫ్టు ఇవ్వరు!

మా గేదె రాణిని పొద్దున్నే వాగుకు తోలుకెళ్లి తేవడం నా పని. రానూపోనూ నాలుగు కిలోమీటర్లు. ఆ పలుపు పాషా చేతిలో పెట్టాను. స్నేహితుడి కళ్ల కోసం అంత త్యాగం చేసినందుకు నా మోకాళ్లు నన్ను ఎంతో మెచ్చుకున్నాయి.

మర్నాటి నుంచి ఒక్క బండీ ఆగలేదు. రాణి ఆగనివ్వదు కూడా. దానికి నీళ్ల వాసన తగిలితే పాషా కొట్టుకుపోవాల్సిందే. పది రోజులకు పాషా, రాత్రి మధ్యలో మెలకువ రాకుండా నిద్ర పడుతోందన్నాడు. అరికాళ్ల తిమ్మిరి తగ్గిందన్నాడు. మా ఆవిడ పద్మావతమ్మ అంతా చూసింది.

"ఏమండీ, పాషా అన్నయ్య పొట్ట లోపలికి పోతోంది. మీది అరుగు దిగి వీధిలోకొస్తోంది. రాణి దూడను ఎవరు తోలుతారు?"

ఇంకేం చేస్తాను? దూడ వెనక నేను.

డాక్టరు దగ్గరికి పోవాల్సిన వారంలో ట్రాలీ ఆటో జగదీష్ మా పక్కన ఆపాడు. "ఈ వయసుల బర్రె ఎనక ఏంది చాచా తిరుగుడు? దాన్ని గూడ ఎక్కిద్దాం," అని వెనక చెక్క వాల్చాడు. కాదనలేని పాషా ఒక కాలు చెక్క మీద పెట్టాడు. రాణి కూడా ఒక కాలు పెట్టింది. చెక్క కిర్రుమంది. అంతే, రాణి వెనక్కి తిరిగి పరుగు. పలుపు పాషా మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఇద్దరూ వాగు దాకా ఆగలేదు. నేను దూడతో చేరేసరికి పాషా ఒడ్డున కూర్చుని తాపీగా చెమట తుడుచుకుంటున్నాడు.

"రెండు నెలల కిందైతే నా పానం పోతుండె పున్నయ్యా. ఇయ్యాల ఆయాసమే లేదు!"

ఆయాసమంతా నాదే. మాట్లాడలేక తలూపాను.

షుగర్ దిగింది. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, ఎవరు నడిపిస్తున్నారని అడిగాడట.

"రాణి అని, మా పున్నయ్య ఇంట్ల ఉంటది సార్. జర గట్టిగ గుంజుతది," అన్నాడట పాషా.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. డాక్టరు సరేనన్నాక పాషా మిషన్ ముందు కూర్చుని, ఎవరినీ పిలవకుండా సూదిలో దారం ఎక్కించాడు. ఒకసారి కాదు, తీసి మళ్లీ ఎక్కించాడు. సర్వరీ బేగం గుమ్మంలో నిలబడి కళ్లు ఒత్తుకుంది. ఆ కంటితో పాషా కుట్టిన మొదటి బట్ట రాణికే. ఎర్ర మఖమల్ గుడ్డ, అంచుకు జరీ, మెడ దగ్గర మూడు గుండీలు. అది తొడుక్కుని రాణి వాగుకు పోతుంటే జనం గోడలెక్కి చూశారు.

సరే, సరే. మఖమల్ బట్ట నేను కల్పించాను. పాషా మొదట కుట్టింది నా లాల్చీ జేబు, ఈసారి బయటివైపు. మిగతాదంతా జరిగిందే. నమ్మనివాళ్లు పొద్దున్నే మా వాగు దారికి రండి. నడిచి రండి.