పచ్చి గిన్నె

ఆ కళాకారుల విడిదిలో కుండలు కాల్చే ఆవం చూసుకునే పెద్దాయనకు నోరు పెద్దది, మనసు మెత్తన. ముప్పై ఏళ్లుగా దేశదేశాల నుంచి మట్టిపనివాళ్లు వచ్చి, మూడేసి నెలలుండి, ఆయన చేత తిట్లు తిని, వెళ్లేటప్పుడు ఆయన్నే పట్టుకుని ఏడ్చేవాళ్లు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వెళ్లే ప్రతివాళ్లూ ఒక పచ్చి గిన్నె అర మీద వదిలి వెళ్లాలి. తర్వాత వచ్చేవాళ్లు తమ కుండలతో పాటు దాన్నీ కాల్చి, చేసినవాళ్లకు పంపాలి. ముందువాళ్ల పని వెనకవాళ్ల మంటలో పూర్తవ్వాలన్నది ఆయన పట్టుదల.

ఆఖరున వచ్చినావిడ ఆయన్ని అన్నయ్యా అనేది. గిన్నె అంచు చుట్టూ బొటనవేలితో నొక్కి వరసగా గుంటలు పెట్టింది. జాగ్రత్త అన్నయ్యా, ఇది మా అమ్మాయికి అని చెప్పి బస్సెక్కింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. విమానాలూ వీసాలూ ఎందుకు, ఇకమీదట ఎవరింట్లో వాళ్లుండి తెర మీద కలుసుకోవచ్చని విడిది పెద్దలు తేల్చారు. అందులో మంచి లేకపోలేదు. ఏనాడూ వీసా దొరకనివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ తెర మీదకు వచ్చారు. ఆయనా సంతోషించి, ఫోను ముందు నిలబడి ఆవం చూపించాడు. వేడి ఎంతుంటుందో చెప్పమంటే మాత్రం, ముఖానికి తగలాలి గాని నోటితో చెబితే ఎలా అని విసుక్కున్నాడు. పది గదులకూ తాళాలు పడ్డాయి. గిన్నె అర మీదే ఉండిపోయింది.

ఏడాదిన్నరకు ఆవిడ పోయిందని కబురొచ్చింది. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒక్క గిన్నెకు చిన్న మంట వెయ్యలేడా అంటే వెయ్యగలడు. కానీ తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. తన కట్టుబాటు తనే ఎలా తప్పేది? రేపో మాపో ఎవరో ఒకరు రాకపోతారా అనుకున్నాడు.

ఆయన కంటి ఆపరేషనుకు వెళ్లిన వారంలోనే విడిది మేనేజరు ఆ గిన్నెను అన్నివైపులా ఫొటోలు తీయించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అసలు గిన్నెను దూదిలో చుట్టి కూతురికి పార్సిల్ చేశాడు. మంచి మనసుతోనే చేశాడు పాపం. కాల్చకపోయినా ఆరిన మట్టి గట్టిగానే కనిపిస్తుంది. మట్టిలో చెయ్యి పెట్టి ఎరగనివాడికి తేడా ఏం తెలుస్తుంది?

పెద్దాయన తిరిగొచ్చి ఖాళీ అర చూశాడు. అంత నోరున్న మనిషీ మేనేజరును తిట్టబోయి ఆగిపోయాడు. తిట్టాల్సింది తననేనని ఆయనకు తెలుసు.

కొన్నాళ్లకు ఆవిడ కూతురు తెర మీదకు వచ్చింది. ఆమె ముందు పార్సిల్ పెట్టెలో గిన్నె తాలూకు పొడీ, పెళ్లలూ ఉన్నాయి.

"మామయ్యా, నీళ్లలో నానబెడితే మళ్లీ గిన్నె చెయ్యొచ్చట కదా?"

"చెయ్యొచ్చమ్మా, పచ్చి మట్టే కదా. కానీ అది నీ గిన్నె అవుతుంది. మీ అమ్మ వేలు అందులో ఉండదు."

కంప్యూటర్లో అమ్మ వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయని, ఎంత పెద్దవిగా కావాలంటే అంత పెద్దవిగా చూడొచ్చని ఆ పిల్ల చెప్పింది. కానీ నా వేలు అందులో ఆనదు మామయ్యా అంది.

పెట్టెలో నెమ్మదిగా వెతకమన్నాడాయన. ఒక పెళ్ల మీద ఒకే ఒక్క గుంట చెక్కుచెదరకుండా ఉంది. ఆమె గబుక్కున చెయ్యి చాపింది.

"ఆగు తల్లీ. ముందు కళ్లు తుడుచుకో. చేతులు పూర్తిగా ఆరనివ్వు. తడి తగిలితే అదీ చెరిగిపోతుంది."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇటు ఆయనా కూర్చున్నాడు. ఆ చేతులు చాలాసేపు ఆరలేదు.