లక్ష్మణమ్మ కళ్ళు

విజయనగరంలో చచ్చినవాళ్ళకి కళ్ళు తెరవడంలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరుండేది. బతికుండగా ఫొటో దిగని మనిషిని పోయాక గోడకి చేరగిలబెట్టి ఒక్కటి తీయించేవారు. దాన్ని చూసి నేను నూనె రంగుల్లో పటం వేసి, మూసుకున్న కళ్ళు తెరిచి ఇచ్చేవాణ్ణి.

అరవై ఎనిమిది వానాకాలంలో భావనపాడు నుంచి దాలయ్య అనే జాలరి అలాంటి ఫొటోయే తెచ్చాడు. ఆరునెలల కిందట పోయిన భార్య లక్ష్మణమ్మది. ముత్తైదువగా పోయిందని పేటలో ఆడవాళ్ళు నుదుటిదాకా పూలు కప్పేశారు. చెవులైనా కనబడవు.

"కళ్ళెలా ఉండేవి?" అనడిగాను.

దాలయ్య బుర్ర గోక్కున్నాడు. "కళ్ళు కళ్ళనాగే ఉండీవి బాబూ. నాను సీకటుండగా యేటకెల్లిపోయీవోణ్ణి. అది సేపల బుట్టెత్తుకుని ఊళ్ళంట పోయీది. ఎదరెదర కూకుని సూసిందెప్పుడు?"

ఇదీ ఒక కష్టమేనా అనుకున్నాను. ఆడవాళ్ళందరికీ పెట్టే కళ్ళే పెట్టాను, పెద్దవి, కాస్త నవ్వుతున్నవి. ముఖమూ వాటికి తగ్గట్టే దిద్దేశాను. పనితనమంతా పూల మీద చూపించాను. కనకాంబరాలకే నాలుగు రోజులు పట్టింది.

పటం తీసుకెళ్ళడానికి దాలయ్య నాలుగేళ్ళ కూతురు గురమ్మని వెంటబెట్టుకొచ్చాడు. పటం ముందుకెళ్ళి పూల వైపు వేలు చూపించాడు.

"పూలు ఆ పొటోలో ఉన్నయ్యే బాబూ," అన్నాడు. "ఇయి తీసీ. బతికుండగా అది పూలెట్టుకోనేదు. బుట్ట మోసీ తలకి పూలేటి? ఒరుసుకుని ఒరుసుకుని నడినెత్తిన జుత్తే నేదు."

నాకు ఒళ్ళు మండింది. "పూలు తీసేస్తే ఇంకేం మిగుల్తుందయ్యా!" అని అరిచాను.

అరిచాక నేనన్న మాట నాకే అర్థమైంది. ఆ పటంలో లక్ష్మణమ్మవి పూలు తప్ప మరేమీ లేవు. అవైనా చచ్చాక పెట్టినవి. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

ఇంతలో పిల్ల పటం దగ్గరికొచ్చి తలెత్తి చూసింది. "ఈవె ఎవులయ్యా?" అని తండ్రినడిగింది.

దాలయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"మీ యమ్మేనే," అన్నాడు.

పిల్ల కాసేపు నిలబడి చూసి, "అమ్మ," అంది. రెండోసారి ఇంకాస్త గట్టిగా అంది. నమ్మేసింది.

ఆ ఇంట్లో ఇక లక్ష్మణమ్మని ఎరిగినవాడు దాలయ్య ఒక్కడే. అతనికీ ఆమె కళ్ళు గుర్తులేవు.