రెండో స్టాంపు

ఓరిన్ పెకమ్ ఉత్తరాలు పేర్చుకుంటున్నాడు. ఎడమచేతిలో కట్ట పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో ఒక్కొక్కటే జార్చి, గోడకున్న చెక్క గూళ్ళలోకి తోస్తున్నాడు. పేరులో మొదటి అక్షరం చూస్తే చాలు, చెయ్యి దానంతటదే గూటికి పోతుంది. తొమ్మిదేళ్ళ అలవాటు మరి. ఈ మధ్య మాత్రం కొత్తగా ఒక పని చేస్తున్నాడు. పోస్టుకార్డు తగిలితే రాసిన వైపు కిందికి తిప్పి, కళ్ళు గోడకేసి పెట్టి మరీ గూట్లో పెడుతున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అలాగే చేస్తున్నాడు.

అరవై ఒకటో ఏడు. పొడగరి. బండి కుడివైపు కిటికీలోంచి రోజుకి అరవై మూడు డబ్బాలకి ఒంగి ఒంగి, కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగిపోయింది. చలిగాలికి బయటే ఉండే కుడిచెయ్యి ఎర్రగా పగిలి ఉంటుంది. కళ్ళేలు పట్టుకుని బండిలోనే ఉండే ఎడమచెయ్యి మాత్రం దొరబాబు చెయ్యిలా తెల్లగా ఉంటుంది. పొద్దున లేచినప్పటి నుంచీ ఆ తెల్లచెయ్యే కాస్త బరువుగా ఉంది. రాత్రి దానిమీద పడుకున్నాననుకున్నాడు.

పోస్టుమాస్టరు లూథర్ గేల్ పొయ్యిలో బొగ్గు ఎగదోసి, చేతులు దులుపుకుని దగ్గరికొచ్చాడు.

"ఓరిన్, నీకో సంగతి చెప్పాలి. చెప్పకూడదు, కానీ చెప్తున్నా. ప్లమ్ వాగు దారివాళ్ళు నీమీద అర్జీ రాస్తున్నారు. రాజధానికి, పైవాళ్ళకి."

"ఏవని?"

"జనం ఉత్తరాలు విప్పి చదువుతావని. చదివింది ఊరంతా చాటుతావని. పదకొండు ఇళ్ళ సంతకాలు కావాలనుకున్నారట. పడ్డాయంటున్నారు."

ఓరిన్ చేతిలో కట్ట ఆగింది. ప్లమ్ వాగు దారిలో ఉన్నవే పదకొండు ఇళ్ళు.

"నువ్వేమంటావు లూథర్?"

"నేననేదేముంది? స్ట్రౌడ్ పొలం బేరం ఉత్తరం వాడి చేతికి అందకముందే అంకె ఊళ్ళో తెలిసిపోయింది. వోగెల్ వాళ్ళ పిల్ల సంబంధం తప్పిపోయిన సంగతీ అంతే. ఎవర్నడిగినా 'టపా ఓరిన్ చెప్పాడు' అంటారు. నువ్వు చెప్పలేదని నాకు తెలుసు. తెలుసుననే అనుకుంటున్నా."

ఆ చివరి మాట ఓరిన్‌కి గుచ్చుకుంది. లూథర్‌తో ఇరవై ఏళ్ళ స్నేహం, ఇప్పుడు 'అనుకుంటున్నా' దాకా వచ్చింది. కట్టలు సంచీలో సర్దుకున్నాడు, పొయ్యిమీద కాగిన ఇటుకని గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

పందొమ్మిది వందల పన్నెండు, మార్చి. అయోవా బురద ఆ నెలలో ఇరుసుల దాకా ఉంటుంది. బండికి నాలుగు వైపులా చెక్క, ముందు చిన్న అద్దం, దాని కింద కళ్ళేలు దూర్చడానికి రెండు కన్నాలు. లోపల కూర్చుంటే నిలబెట్టిన పెట్టెలో కూర్చున్నట్టే. ఇటుక కాళ్ళకింద పెట్టుకుని నాలుక చప్పరించాడు. బెస్ కదిలింది. ఆ ఆడగుర్రానికి దారి అతనికంటే బాగా తెలుసు. ప్రతి డబ్బా దగ్గరా ఆగుతుంది, రేకు మూత టప్పుమని పడగానే మళ్ళీ నడుస్తుంది.

పట్నం దాటే వరకూ బాగానే ఉంది. ప్లమ్ వాగు దారిలోకి తిరిగాక ఓరిన్ కళ్ళు అతని మాట వినలేదు. ప్రతి ఇంటి వాకిలీ, ప్రతి కిటికీ తెరా వెతుక్కున్నాయి. వీళ్ళు పెట్టారా సంతకం? వాళ్ళు పెట్టారా? లీనా వోగెల్ చలికాలమంతా డబ్బాలో గుడ్డలో చుట్టిన వేడి రొట్టె పెట్టేది. ఇవాళ డబ్బా ఖాళీ. కిటికీ తెర మాత్రం కదిలింది. పెట్టింది, అనుకున్నాడు. పక్క పొలం రైతు గట్టుమీంచి చెయ్యి ఊపి, "ఏం ఓరిన్, కులాసానా?" అని గొంతెత్తి పలకరించాడు. ఏనాడూ పలకరించని మనిషి. వీడూ పెట్టాడు, అనుకున్నాడు. కనబడనివాళ్ళు మొహం చెల్లక కనబడలేదు. కనబడినవాళ్ళు దాన్ని కప్పిపుచ్చుకోడానికి కనబడ్డారు. ఇలా లెక్కవేసుకుంటూ పోతే కౌంటీలో మంచివాడనేవాడు మిగిలేటట్టు లేడు. తనకే నవ్వొచ్చింది.

తను ఎవరి ఉత్తరమూ విప్పలేదు. పోస్టుకార్డులు చదవలేదని ఒట్టు పెట్టలేడు. కంటిముందు రాతలుంటే కళ్ళు మూసుకుని నడవలేం కదా. కానీ ఆ రాతలు అతని నోరు దాటలేదు. భార్య ఐడెల్లా పోయిన ఆరేళ్ళలో అతనితో ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. చెప్పేదెవరికి? ఇంట్లో టెలిఫోను కూడా లేదు. ఎవరు పిలుస్తారని పెట్టించుకోవాలి?

ఎబెన్ స్ట్రౌడ్ డబ్బా మీద ఎర్రజెండా లేచి ఉంది. టపా తీసుకెళ్ళమని గుర్తు. దూరాన కొట్టం తలుపు దగ్గర స్ట్రౌడ్ నిలబడి, బాగానే ఉన్న గడియని సుత్తితో కొడుతున్నాడు. దారిలో అందరికంటే పెద్ద పొలం అతనిదే. దారికి టెలిఫోను తీగ వేయించిందీ, చర్చికి గంట తెచ్చిందీ అతనే.

డబ్బాలో ఒకటే కవరు, దళసరిగా ఉంది. రాజధానిలో టపా పెద్దల పేరు, స్ట్రౌడ్ బండ అక్షరాలు. ఓరిన్ అరచేతిలో పెట్టి చూశాడు. తూకంరాయి అక్కర్లేదు, అతని చెయ్యే తూకం. ఒక్క స్టాంపుకి బరువెక్కువ, రెండోది కావాలి. అంటించింది ఒక్కటే.

అప్పుడు తోచింది ఆ ఆలోచన. 'స్టాంపు చాలదు' అని చీటీ రాసి, కవరు డబ్బాలోనే వదిలెయ్యవచ్చు. తప్పు కాదు, పద్ధతే. ఒకటి రెండు రోజులు గడుస్తాయి, ఈలోగా ఎవరి మనసైనా మారొచ్చు. చీటీ తీశాడు, పెన్సిలు తడుపుకున్నాడు. కొట్టం దగ్గర సుత్తి చప్పుడు ఆగింది.

"ఏమైంది అక్కడ?" స్ట్రౌడ్ కేకేశాడు. "ఇంతసేపు చూస్తున్నావేం? చదువుతున్నావా?"

ఓరిన్ చెవులు వేడెక్కాయి. చీటీ జేబులోకి, కవరు సంచీలోకి పోయాయి. మూత టప్పుమంది. బెస్ నడిచింది.

మధ్యాహ్నం హెట్టీ అత్త ఇంటి దగ్గర గుర్రానికి నీళ్ళు పెట్టడం ఆనవాయితీ. ఆవిడ అతనికి అత్త కాదు, దారిలో అందరికీ అత్తే. ఎనభై దాటింది. చూపు మందగించడంతో కొడుకు రాసే కార్డులు ఓరినే చదివి పెడతాడు. తలుపు తట్టాడు, జవాబు లేదు. తోసుకుని లోపలికెళ్ళాడు.

గోడకున్న టెలిఫోను పెట్టె పక్కన ఎత్తుపీట, పీటమీద హెట్టీ అత్త. మోచేతికింద దిండు. మాట్లాడే గొట్టానికి తన ఊపిరి వినబడకుండా చేతిగుడ్డ కప్పింది. చెవికి రిసీవరు. అతన్ని చూసి వేలు పెదవులమీద పెట్టుకుంది. కాసేపటికి అరచేత్తో గొట్టం మూసి, "నీ గురించే," అంది గుసగుసగా.

"ఎవరు?"

"లీనా వోగెల్, స్ట్రౌడ్ పెళ్ళాం ఇద్దరూ మాట్లాడుతున్నారు. తక్కినవాళ్ళు వింటున్నారు."

"వినడమేంటి? ఫోను వాళ్ళిద్దరిదీ కదా."

ముసలావిడ అతనికేసి చూసిన చూపులో జాలి ఉంది. "నీ ఇంట్లో ఫోను లేదు కాబట్టి అడుగుతున్నావు నాయనా. దారికంతా ఒకటే తీగ. ఎవరింట్లో గంట మోగినా పదకొండు ఇళ్ళలో మోగుతుంది. మోగిన ప్రతిసారీ అందరం ఎత్తుతాం. గడియారం చప్పుడు వినబడితే స్ట్రౌడ్ ఇల్లు. పిట్ట కూస్తే వోగెల్ ఇల్లు. ఆయాసం వినబడితే..." ఆగిపోయింది. "పొలం బేరం అలాగే తెలిసింది. ఆ పిల్ల సంగతీ అలాగే తెలిసింది."

"మరి నా పేరెందుకు చెప్పారు?"

"దొంగతనంగా విన్నామని ఎవరు చెప్పుకుంటారు? ఎవరు చెప్పారని అడిగితే ఏదో ఒక పేరు చెప్పాలి కదా. నువ్వు అందరి గుమ్మాలకీ వస్తావు. ఎదురు చెప్పవు. ఒకళ్ళన్నారు, అందరం అన్నాం. ఎవరి అబద్ధం వాళ్ళకి తెలుసు. పక్కవాళ్ళది మాత్రం నిజమే అనుకున్నాం."

ఓరిన్ గోడకి ఆనుకున్నాడు.

"నువ్వూ పెట్టావా అత్తా, సంతకం?"

హెట్టీ అత్త మసక కళ్ళు దించుకుంది. "పెట్టాను. పెట్టకపోతే, విన్నది నేనేనని తేలిపోదూ?"

రిసీవరు అతనికేసి చాచింది. "అందరూ ఉన్నారు. ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

అతను పుచ్చుకుని చెవికి ఆనించుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళ మాట ఆగి ఉంది. వాళ్ళ వెనక గోడగడియారం కొట్టుకుంటోంది. పిట్ట కూస్తోంది. ఎక్కడో పాలగిన్నె చప్పుడు, ఎవరిదో ముక్కుతో తీసే ఊపిరి. తొమ్మిదేళ్ళు ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగిన ఇళ్ళన్నీ ఒక్కసారిగా అతని చెవిలో ఉన్నాయి. కోపం వచ్చింది. ఎన్నడూ రానంత కోపం. చెప్పడానికి కావలసినన్ని మాటలున్నాయి.

"నేను ఓరిన్ని," అన్నాడు.

టక్. గడియారం పోయింది. టక్. పిట్ట పోయింది. ఒక్కొక్క ఇల్లే టక్కుమంటూ వెళ్ళిపోయింది. చివరికి తీగలో గాలి ఈల తప్ప ఏమీ మిగల్లేదు. అతను రిసీవరు కొక్కేనికి తగిలించి, జేబులోంచి హెట్టీ అత్త కొడుకు కార్డు తీశాడు. ఎప్పటిలాగే నిదానంగా, ఒక్క మాట వదలకుండా చదివి వినిపించాడు. ఆవిడ ఏడుస్తూ వింది.

వాగు వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పలచబడింది. ఓరిన్ బండి ఆపాడు. మంచు కరిగి వాగు గట్లు ఒరుసుకుని పారుతోంది, ఎర్రటి నీళ్ళు. సంచీలోంచి ఆ కవరు తీశాడు. కిటికీ పక్కనే వాగు, చెయ్యి చాస్తే చాలు. సంచీ తడిసింది, కవరు జారింది అంటే కాదనేవాళ్ళు లేరు. పైగా న్యాయం అతనివైపే ఉంది. పదకొండు అబద్ధాలు ఒక కాగితం మీద ఉన్నాయి, అంతే కదా.

చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. ఎడమచెయ్యి భుజం దాకా లాగుతోంది. ఇది చేరకపోతే ఇందులో రాసింది నిజమవుతుంది, అనుకున్నాడు. జనం ఉత్తరాలతో ఆడుకునే మనిషినే అవుతాను. నీళ్ళలో పడేసిన మరుక్షణం నుంచి స్ట్రౌడ్ చెప్పిందే ఒప్పు.

రేకుడబ్బీ తెరిచాడు. అందులో అమ్మకానికి పెట్టుకున్న స్టాంపులు, తడి స్పాంజిముక్క ఉన్నాయి. పగుళ్ళ వేళ్ళతో ఒక ఎర్రస్టాంపు చించాడు, తడిపాడు, స్ట్రౌడ్ అంటించినదాని పక్కన పెట్టి బొటనవేలితో అదిమాడు. స్టాంపు కొంచెం వంకరగా పడింది, వేలికున్న జీను నూనె మరక కూడా అంటుకుంది. తిరిగి అంటిద్దామా అనుకున్నాడు, పోనీలే అనుకున్నాడు. కవరు సంచీలో పెట్టి, వెనక్కి ఆనుకుని నాలుక చప్పరించాడు. బెస్ కదిలింది. కాళ్ళకింద ఇటుక చల్లారిపోయింది.

ఆ తర్వాత దారిలో ఐదు డబ్బాలున్నాయి. బెస్ ఐదింటి దగ్గరా ఆగింది. మూత చప్పుడు కోసం చెవులు నిక్కించి ఎదురుచూసింది, రాకపోతే కాస్త ఆగి తనే నడిచింది. కిటికీ తెరల వెనక నుంచి చూసినవాళ్ళు చూశారు. బండి ఆగడమేంటి, ఏమీ పెట్టకుండా పోవడమేంటి? మన ఉత్తరం వీడెందుకు దాస్తున్నాడు? ఒకావిడ ఫోను తిప్పి మరొకావిడతో అదే మాట అంది. తక్కినవాళ్ళు విన్నారు.

నాలుగు గంటలకి బెస్ పోస్టాఫీసు ముందు ఆగింది. మనిషి దిగకపోయేసరికి లూథర్ వెళ్ళి తలుపు తీశాడు. ఓరిన్ తల అద్దానికి ఆని ఉంది. కుడిచెయ్యి కిటికీ మీద, డబ్బా కోసం చాచినట్టే ఉంది.

డాక్టరు ఆ రోజు ప్లమ్ వాగు దారిలో ఒక ఇంట కాన్పు చూస్తున్నాడు. లూథర్ అక్కడికే ఫోను చేయించి, "ఓరిన్ పోయినట్టున్నాడు, రండి," అన్నాడు. చెప్పింది డాక్టరు ఒక్కడికే.

డాక్టరు బండి రాకముందే స్ట్రౌడ్ బండి వచ్చింది. వెనకే వోగెల్ వాళ్ళ బండి, ఆ వెనక ఇంకో రెండు. ఆడవాళ్ళు తలగుడ్డ కూడా సరిగ్గా కట్టుకోకుండా వచ్చారు. లోపల బల్లమీద పడుకోబెట్టిన మనిషిని చూసి టోపీలు తీశారు.

"ఇంత త్వరగా ఎలా తెలిసింది మీకు?" అన్నాడు లూథర్. "ఎవరు చెప్పారు?"

లీనా వోగెల్ నోరు తెరిచి, బల్లకేసి చూసి, మూసుకుంది. ఇన్నాళ్ళూ తడుముకోకుండా వచ్చే పేరు ఆ ఒక్క ప్రశ్నకి పనికిరాకుండా పోయింది. లూథర్ ఒక్కొక్కరి మొహం వరసగా చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. పొద్దున తను అన్న మాట గుర్తొచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

స్ట్రౌడ్ గొంతు సవరించుకున్నాడు. "లూథర్, నాదొక కవరు ఉంటుంది సంచీలో. అది ఇచ్చెయ్యి. ఇంక అక్కర్లేదు."

లూథర్ సంచీ కుమ్మరించి, వెతికి, కవరు తీసి వెలుతురులో పట్టుకున్నాడు. "బరువు సరిపోయింది. స్టాంపులూ సరిపోయాయి. ఇది పోవాల్సిన టపా."

"సరిపోవడమేంటి? నేనంటించింది ఒక్కటే."

లూథర్ కవరు బల్లమీద, ఓరిన్ చేతి పక్కన పెట్టాడు. స్ట్రౌడ్ ఒంగి చూశాడు. మూలకి చక్కగా కుదిరినది అతని స్టాంపు. దాని పక్కన ఇంకొకటి, కాస్త వంకరగా, మీద జీను నూనెతో ఒక బొటనవేలి ముద్ర.