కువైట్ సీసా

"ఇరవై నిమిషాలు మరగాలమ్మా. కువైట్‌లో మా మేడమ్ గడియారం చూస్తూ నిలబడేది," అన్నారు కాంతమ్మగారు వంటింటి గుమ్మంలోంచి, రోజూలాగే.

"ఆయ్," అంది లిడియా. కాపురానికొచ్చిన మూడేళ్లలో అత్తగారితో ఎక్కువగా మాట్లాడిన మాట అదే.

మరిగే నీళ్లలో పాలసీసా దొర్లుతూ గిన్నెకి తగులుతోంది. టక్, టక్. లోపల్నించి ఎవరో తలుపు కొడుతున్నట్టు. కొన్ని ఇళ్లలో కోడలికి అత్తగారి గొలుసు వస్తుంది. రాజోలులో ఈ ఇంట్లో సీసా వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట కాంతమ్మగారు కువైట్‌లో ఒకరి పాపని పెంచే పనికి వెళ్లి, తిరిగొస్తూ తెచ్చుకున్నది. కింద పడినా పగలదు. ఆడపడుచు తాగింది, ఆమె పిల్లలిద్దరూ తాగేరు, ఇప్పుడు లిడియా కూతురు పింకీ వంతు. ఒకప్పుడు అద్దంలా మెరిసేదిట. ఇప్పుడు చూపు మందగించిన కన్నులా తెల్లటి పొర కమ్మింది.

ఆ పొర సంగతి లిడియాకి తెలుసు. పెళ్లికి ముందు అమలాపురంలో ఒక ల్యాబ్‌లో ఆమె పనే అది. పాలసీసాల్లో పాలకి బదులు ఏదో ఒక ద్రావణం పోసి, గంటల తరబడి వేడిలో ఉంచి, ప్లాస్టిక్‌లోంచి అందులోకి ఏం దిగిందో, ఎంత దిగిందో యంత్రం మీద కొలవడం. దిగేదానికి రంగుండదు, రుచుండదు. సీసా పాతబడి గీతలు పడేకొద్దీ, మరిగేకొద్దీ ఇంకా దిగుతుంది. ఈ రకం ప్లాస్టిక్‌తో పాలసీసాలు ఇప్పుడు అమ్మనివ్వరు కూడా. అందుకే గాజుసీసా కొని తెచ్చింది. పగిలితే పిల్ల నోట్లో గాజు గుచ్చుకుంటుందని అది అటకెక్కింది.

ఆ ల్యాబ్‌వాళ్లే సోమవారం నుంచి మళ్లీ రమ్మన్నారు.

"వెళ్లు, నేను వద్దన్నానా?" అన్నాడు రాజ్ కుమార్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. పొద్దున్న క్లాసులే, పదకొండింటికల్లా ఇంట్లో ఉంటాడు. "ఉద్యోగం కావాలంటావు, సీసా వద్దంటావు. నేనూ చెల్లీ ఆ సీసాతోనే పెరిగాం. ఏమైపోయాం?"

ఏమైపోయాడో చెప్పడానికి లిడియా దగ్గర చాలా ఉంది. కానీ అప్పుడామె ఆయన తాగి నేలమీద పెట్టిన కాఫీ గ్లాసు తీస్తోంది.

అసలు భయం ఇంకొకటుంది. అలవాటవ్వాలని వారం నుంచి రోజుకో పూట సీసాతో పాలు పడుతున్నారు. అయిదో నెల పిల్ల, పింకీ అని ఎంత పిలిచినా తిరగదు. కాంతమ్మగారు సీసా నోటికందిస్తూ, తనకే తెలియకుండా, "నూరా, నూరా" అంటారు, కువైట్‌లో పెంచిన పాప పేరు. పిల్ల చటుక్కున తిరుగుతుంది.

గురువారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా లిడియా గాజుసీసా దింపింది. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ మరిగించి రెండు సీసాల్లోనూ పోసి, వేడినీళ్ల గిన్నెలో రెండు గంటలుంచింది. తర్వాత ఆ నీళ్లు విడివిడిగా రెండు పింగాణీ సాసర్లలో ఇగరబెట్టింది. ల్యాబ్‌లో ఎవరైనా చూస్తే ఇది పరీక్ష కాదు, వంట అంటారు. అయినా చూసింది. గాజుసీసా నీళ్ల సాసరు తెల్లగా ఉంది. రెండోదాంట్లో సన్నటి బూడిదరంగు వలయం, ఎవరో పెదవులు ఆనించి వెళ్లినట్టు.

వంగి వాసన చూసింది. ఏలకులు, కుంకుమపువ్వు. ఆ వంటింట్లో కుంకుమపువ్వు ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

ఉయ్యాల్లో పిల్ల ఏడ్చింది.

"వస్తున్నా నూరా," అంది లిడియా.

గొంతు తనదే. ఆ మాట తనలోకి ఎప్పుడు దిగిందో తెలియలేదు. పిల్ల ఏడుపాపి నవ్వింది.

వెనక కాంతమ్మగారు నిలబడి ఉన్నారు. నెమ్మదిగా వచ్చి సాసరు మీదకి వంగేరు. కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చేరు.

"ఇది ఆళ్ల వంటిల్లు," అన్నారు. "ఇన్నేళ్లు మరగబెట్టేను కదమ్మా. పోలేదా?"

"పోదండి అత్తయ్యగారూ. మరిగేకొద్దీ బయటికొస్తుంది."

వరండాలోంచి రాజ్ కుమార్ వచ్చేడు. "మళ్లీ మొదలెట్టావా? ఆ సీసాతో తాగి నేను బతకలేదా?"

"నువ్వు తాగలేదురా," అన్నారు కాంతమ్మగారు, సాసరు మీంచి కళ్లు తీయకుండా. "నీకు అయిదో నెలలో నేను విమానం ఎక్కేను. అప్పుడీ సీసా నూరా నోట్లో ఉంది. నీ పాలు నా జాకెట్లో ఇంకిపోయేయి."

రాజ్ కుమార్ సీసా వైపు చూసేడు, తర్వాత తల్లి వైపు.

"మరి నాకెవరు పట్టేరు?"

గోడమీద భర్త ప్రభాకరరావుగారి ఫొటో వైపు చూసేరావిడ. "మీ నాన్నగారు. ఉగ్గుగిన్నెతో. పూటకి ముప్పావుగంట, ఒళ్లో పడుకోబెట్టుకుని, నీకు అన్నం మింగడం వచ్చేదాకా. ఎవరికీ చెప్పొద్దన్నారు, ఊళ్లో నవ్వుతారని."

లిడియా కువైట్ సీసాని తుడిచి కవరులో పెట్టి, ల్యాబ్ శాంపిల్‌కి అంటించినట్టు పైన చీటీ అంటించి తేదీ వేసింది. 'వాడినవారు' అని రాసి ఆగింది.

"మొదట నూరా అని రాయమ్మా," అన్నారు కాంతమ్మగారు. అటక మీంచి ఉగ్గుగిన్నె ఆవిడే దింపించేరు. చింతపండుతో తోమించి, కొడుకు చేతిలో పెట్టేరు. "తల కొంచెం ఎత్తి పట్టుకో. పేరు పెట్టి పిలుస్తా ఉండు."

రాజ్ కుమార్ పిల్లని ఒళ్లో పెట్టుకుని బిక్కమొహం వేసేడు. "పింకీ," అన్నాడు. పిల్ల తిరగలేదు. ఖాళీ ఉయ్యాల వైపే చూస్తోంది.

"పిలుస్తూ ఉండండి," అంది లిడియా, సోమవారం అమలాపురం బస్సు ఎన్నింటికో ఫోన్లో చూసుకుంటూ. "ఇద్దరికీ అలవాటవుతుంది."