డీన్ గారి ఇల్లు

కొండ దిగేసరికి నదిలోయంతా పొగమంచులో మునిగి ఉంది. పొగాకు ఆరబెట్టే కొట్టాల కప్పులు మాత్రం పైకి తేలి, మెల్లగా ఎక్కడికో కొట్టుకుపోతున్నట్టున్నాయి. నది కనబడదు. అది ఉన్నచోట మంచు ఇంకాస్త తెల్లగా ఉంది, అంతే. కెల్సీ ఏదో ఆలోచనలో మునిగి కారు నడుపుతోంది. వెనక సీట్లో ఇంకా ఏడాది నిండని కూతురు వినీ. పక్కన డీన్, కిటికీ సందులోంచి ముక్కు బయటపెట్టి ఎర్రబడుతున్న మేపుల్ చెట్ల వాసన తాగుతున్నాడు.

డీన్ అంటే కుక్క; కాలేజీ పెద్ద హోదానే సరదాగా వాడికి పేరు పెట్టారు. కెల్సీ తమ్ముడు గారెట్ కాలేజీలో చదివేటప్పుడు అద్దెకున్న ఇంటి కుక్క. చదువులు అయిపోయినవాళ్లు ఆ ఇల్లు వదిలిపోతారు, కొత్తవాళ్లు వస్తారు, డీన్ మాత్రం ఇంటితోనే ఉంటాడు. వేసవిలో ఇల్లు ఖాళీగా ఉంటే గారెట్ వాణ్ణి కెల్సీకి తెచ్చిచ్చి, "కాలేజీ తెరవగానే దింపేసిరా అక్కా, మాటిచ్చాను" అని చెప్పి ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

స్కూలు చదువే ఎప్పుడో మధ్యలో మానేసిన మనిషి కెల్సీ, ఇప్పుడు తల్లి. పుట్టిన కొత్తలో ఒకసారి వినీకి ఊపిరి ఆగినంత పనైంది. అది మొదలు కెల్సీ కంటిమీద కునుకు లేదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, పడుకోవడం, మళ్లీ లేవడం. డీన్ వచ్చాక పాప ఉయ్యాల తొట్టి కింద పడుకునేవాడు. పాప ఏమాత్రం కదిలినా లేచేవాడు. వాడు లేవలేదంటే అంతా బాగున్నట్టే. వేసవంతా ఆమె అలా హాయిగా నిద్రపోయింది.

వాణ్ణి ఇచ్చేస్తే మళ్లీ ఆ రాత్రులే. అందుకే ఆ ఇంటి పిల్లలకు చెప్పడానికి దారిపొడవునా ఒక అబద్ధం అల్లుకుంటూ వచ్చింది. ముసలివాడైపోయాడు, మెట్లెక్కలేడు, మీ ఇంటికేమో అన్నీ మెట్లే, నా దగ్గరే ఉండనివ్వండి అని. నిన్న ఫోన్లో గారెట్‌తో కూడా అదే అంది.

కాలేజీ ఊళ్లో కారాపి, పాపను గుండెకు కట్టుకుని, డీన్ తాడు పట్టుకుని నడిచింది. పుస్తకాల షాపు ముందు ఒక పెద్దావిడ నీళ్ల గిన్నె పెడుతోంది.

"ఏవయ్యా డీనూ, సెలవులన్నీ ఎక్కడ తిరిగొచ్చావ్?" అని, కెల్సీని ఎగాదిగా చూసింది. "నువ్వెవరమ్మా, కొత్త సెక్రటరీవా?"

వీధి మలుపు తిరిగారో లేదో, ఆ ఇంటి వసారాలోంచి కాలేజీ పిల్లల కేకలు.

"డీన్ గారొచ్చారర్రోయ్! లేవండి, లేచి నిలబడండి!"

తాడు చేతిలోంచి జారిపోయింది. డీన్ మెట్లను లెక్కచెయ్యకుండా గెంతుకుంటూ పైకెళ్లిపోయాడు.

జోస్లిన్ అనే అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "వీడు మెట్లెక్కలేడని గారెట్‌కి చెప్పావటగా అక్కా? నన్ను తొక్కి మరీ ఎక్కాడు!"

కెల్సీ ముఖం కందిపోయింది. ఇంకో అబద్ధం తోచలేదు. "వాడు లేకపోతే నాకు నిద్ర పట్టదు" అనేసింది. పాప సంగతీ చెప్పింది.

నవ్వులు ఆగిపోయాయి. జోస్లిన్ "అయితే తీసుకెళ్లక్కా. పిలిచి చూడు, వస్తాడేమో" అంది.

వస్తాడు. పిలిస్తే వస్తాడని కెల్సీకి తెలుసు. నోరు తెరిచి, వాడి వైపు చూసింది. వసారాలోని చిరిగిన సోఫా మీద, ఎవరివో బూట్లపై గడ్డం ఆన్చి పడుకున్నాడు. రెండు చెవులూ వాలిపోయాయి. కెల్సీ ఇంట్లో ఒక చెవి ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండేది. వేసవంతా తాను నిద్రపోయింది, వాడు కాదు.

"పిలవ్వేం?" అంది జోస్లిన్.

"ష్, పడుకున్నాడు."

మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా లోయలో మంచు విడుతోంది, నది ముక్కలు ముక్కలుగా మెరుస్తోంది. మెడ దగ్గర పాప ఊపిరి వెచ్చగా తగులుతోంది, పోతోంది, మళ్లీ తగులుతోంది. వేలు పెట్టి చూడాలనిపించింది కానీ, చెయ్యి ఒళ్లోనే ఉంచుకుంది.