సీసా మీద గీత

థెల్మా ప్రాట్ భర్తకు పెట్టే ముద్దులో సగం ముద్దు, సగం సోదా. ఎమెట్ టైర్ల ఫ్యాక్టరీ నుంచి రాగానే గుమ్మంలోనే ఎదురెళ్లి, మూతి దగ్గర ముక్కు పెట్టి ఊపిరి లోపలికి లాగేది. మందు వాసన తగలకపోతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. అతను తాగుడు మాని రెండేళ్లు కావస్తున్నా ఈ అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు. జీతం రోజున మొగుణ్ని వెతుక్కుంటూ వీధులు తిరిగిన ఆడదానికి అంత తేలిగ్గా వదులుతుందా?

ఒహాయోలోని ఆ రబ్బరు ఊళ్లో అప్పటికి మానినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మానినవాడు మానలేనివాణ్ని పట్టుకొచ్చి తన ఇంట్లో పడుకోబెట్టుకోవాలి. ఆ పని చేసినన్నాళ్లే తానూ నిలబడతాడని వాళ్ల నమ్మకం. అందుకే ప్రాట్ దంపతుల మేడగదిలో ఎప్పుడూ ఎవడో ఒకడు వణుకుతూ ఉండేవాడు. ఎమెట్ పక్కన కూర్చుని తను ఎంత దిగజారాడో దాచకుండా చెప్పేవాడు. థెల్మా పులిసిన క్యాబేజీ, టమాటాలు, మొక్కజొన్న పాకం కలిపి తినిపించేది. అది తిన్నవాడికి విస్కీ మీద కంటే ముందు బతుకు మీదే విరక్తి పుడుతుందని ఎమెట్ వేళాకోళం చేసేవాడు.

మందు ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. అలాంటప్పుడు కాస్త పట్టడానికని వంటింటి అలమరలో ఒక విస్కీ సీసా తాళం వేసి ఉండేది. దాన్ని వంచే చెయ్యి ఒకప్పుడు తాగినవాడిది కాకూడదని వాళ్ల కట్టుబాటు; పోస్తే భార్యలే పోయాలి. తాళంచెవి థెల్మా ఏప్రాన్ జేబులో ఉండేది. ఇంతవరకు అందరికీ తెలుసు. పోసిన ప్రతిసారీ ఆమె సీసా మీది లేబుల్ అంచున, మందు ఎంతవరకు ఉందో గోటితో సన్నటి గీత గీసేదని మాత్రం ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఐయోన్‌ను వెంటబెట్టుకొచ్చింది. రెండు రోజులుగా మేడ మీద పడి ఉన్న లాయిడ్ భార్య ఆమె. అల్లుణ్ని పిచ్చాసుపత్రిలో వేయించాలని ఐయోన్ తండ్రి పట్టుబట్టాడు. మర్నాడు ఆమె సంతకం చేస్తే చాలు, తీసుకుపోతారు. ఐయోన్ నెత్తిమీది టోపీ కూడా తీయకుండా కుర్చీ అంచున కూర్చుంది.

మేకుకు తగిలించి వెళ్లిన ఏప్రాన్ కట్టుకుని, దాని జేబులోని తాళంచెవి తీసి, పాకం డబ్బా కోసం థెల్మా అలమర తెరిచింది. సీసాలో మందు గీతకు రెండు వేళ్లు కిందికి దిగి ఉంది. తను చర్చిలో పాటలు పాడుతున్న సేపట్లో రెండేళ్లూ మట్టికొట్టుకుపోయాయన్నమాట.

సరిగ్గా అప్పుడే ఐయోన్ అడిగింది. "మిసెస్ ప్రాట్, మీ ఆయన నిజంగా మానేశాడా? మీకు పూర్తిగా నమ్మకమేనా? మీరు అవునంటే మా నాన్నకు ఎదురుచెప్తాను."

ఇలా అడిగిన ప్రతి భార్యకూ థెల్మా తడుముకోకుండా అవుననేది. ఈసారి చెయ్యి అలమర తలుపు మీదే ఉండిపోయింది. అబద్ధమాడితే ఈ పిల్ల దాన్నే నమ్ముకుని బతకాలి. నిజం చెబితే ఆమె భర్త ఊచల వెనక్కి పోతాడు. థెల్మా సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నమ్మకం లేదమ్మాయ్. ఇదిగో, దొంగచాటుగా గీతలు గీసుకుంటున్నాను. ఇవాళ మందు తగ్గింది."

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. ఎమెట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి, ముఖం పీక్కుపోయి ఉంది. థెల్మా చర్చికి వెళ్లగానే లాయిడ్‌కు ఫిట్స్ వచ్చాయని, పరుగున వచ్చి తాళం తీసి తన చేత్తోనే పోసి పట్టానని, ఇప్పుడే నిద్రపోయాడని చెప్పాడు. కట్టుబాటు తప్పానని కూడా ఒప్పుకున్నాడు.

"కొత్త గీత ఎందుకు గీయలేదు మరి?" అంది థెల్మా. గీతల మాట విన్నా అతను ఆశ్చర్యపోలేదని, ఆ సంగతి అతనికి ముందే తెలుసని అడిగాక గాని ఆమెకు తట్టలేదు.

"అది నీ గీత, థెల్. నేనెలా గీస్తాను?" అన్నాడతను. "నాకు పోయినేడే కనబడింది. సీసా తుడిచి పెట్టినప్పుడల్లా గీత నీ వైపుకే తిప్పి పెడుతున్నాను. వెతుక్కునే పని లేకుండా ఉంటుందని."

థెల్మాకు ఏడుపొచ్చింది. ఎమెట్ దగ్గరికొచ్చి, పరాయి పిల్ల చూస్తుండగానే ముఖం కిందికి వంచాడు. థెల్మా సిగ్గుతో చచ్చిపోయింది. అయినా ముక్కు పెట్టి ఊపిరి లాగింది. కాఫీ, చెమట, పులిసిన క్యాబేజీ. అంతే.

థెల్మా ఐయోన్ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. "ఇవాళ తాగలేదు. రేపు మళ్లీ చూస్తాను. ఇంతకు మించి నా దగ్గరేం లేదమ్మాయ్."

ఐయోన్ టోపీకి గుచ్చిన పిన్ను తీసి బల్ల మీద పెట్టి, సీసా కోసం చెయ్యి చాపింది.

"ఈసారి ఆయనకు నేను పోస్తాను," అంది. "గీత ఎక్కడ గీయాలో చూపించండి."